పళ్లెం దగ్గర ఒప్పందం, బోర్డు దగ్గర పేచీ: విజయవాడ, గుంటూరు అన్న క్యాంటీన్లపై సమీక్ష

ముందు పళ్లెం సంగతి చూద్దాం, రాజకీయం తర్వాత. 2024 ఆగస్టులో అన్న క్యాంటీన్లు తిరిగి తెరిచినప్పుడు ప్రకటించిన కొలతల ప్రకారం, మధ్యాహ్నం ఐదు రూపాయల టోకెనుకి 400 గ్రాముల అన్నం, 100 గ్రాముల కూర, 120 గ్రాముల పప్పు లేదా సాంబారు, 75 గ్రాముల పెరుగు, 15 గ్రాముల పచ్చడి వస్తాయి. రాత్రికీ అంతే. పొద్దున మూడు ఇడ్లీలు, లేదా మూడు పూరీలు, లేదా పావుకిలో ఉప్మానో పొంగలో. వారంలో ఒక రోజు స్పెషల్ రైస్ పెడతారు. మూడు పూటలా తిన్నా 15 రూపాయలు. విజయవాడ బస్టాండులో ఒక టీ, ఒక నీళ్ల సీసా కొంటే దాటిపోయే డబ్బది.

400 గ్రాములంటే వండిన అన్నం. బియ్యం లెక్కలో 150 గ్రాములు. ఆఫీసులో కూర్చుని పనిచేసేవాళ్లకి ఇది నిండైన భోజనం. కాళేశ్వరరావు మార్కెట్లో బస్తాలు మోసే ముఠా కార్మికుడికి మాత్రం మొదటి వాయి లాంటిది. మెస్సుల్లోలాగా మారు అన్నం ఆశించకండి, ఇది కొలత పళ్లెం. ఇంకా ఆకలి తీరకపోతే ఇంకో ఐదు రూపాయలు పెట్టి రెండో టోకెన్ తీసుకోవడం ఉత్తమం. పది రూపాయలకి 800 గ్రాముల అన్నం, రెండు వాయిల పెరుగు ఈ రెండు ఊళ్లలో మరెక్కడా దొరకవు. ఇక పచ్చడి 15 గ్రాములంటే గుంటూరు నాలుకకి రెండు ముద్దలకే చాలదు. ఆ విషయంలో క్యాంటీన్ని తప్పుపట్టి లాభం లేదు, ఊరి అలవాటే అంత.

వేళలు గుర్తుపెట్టుకోవాలి. పొద్దున 7.30 నుంచి 10, మధ్యాహ్నం 12.30 నుంచి 3, రాత్రి 7.30 నుంచి 9. కౌంటరులో ఐదు రూపాయలిచ్చి టోకెన్ తీసుకోవాలి. దాన్ని వడ్డన దగ్గర ఇస్తే పళ్లెం చేతికొస్తుంది. ఆధార్ అడగరు, రేషన్ కార్డు అడగరు, ఏ ఊరని అడగరు. చిల్లర ఐదు రూపాయల బిళ్ల దగ్గరుంటే లైను త్వరగా కదులుతుంది. వంద నోటు ఇచ్చి మిగతా చిల్లర కోసం నిలబడితే వెనకనున్నవాళ్లు ఊరుకోరు. కుర్చీల మీద ఆశ పెట్టుకోకండి. ఎక్కువగా నిలబడి తినే ఎత్తు బల్లలే ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

ఎప్పుడు వెళితే బావుంటుందో తెలియాలంటే ఈ వంట ఎలా నడుస్తుందో తెలియాలి. క్యాంటీన్లో వంట జరగదు. కేంద్ర వంటశాలలో వండి, వేడి నిలిపే డబ్బాల్లో పెట్టి వ్యానుల్లో తెస్తారు. ఈ పద్ధతికి ఒక లాభం ఉంది, రుచి, కొలత అన్ని చోట్లా ఒకేలా ఉంటాయి. నష్టం కూడా అందులోనే ఉంది. పొయ్యి మీంచి దిగిన పదార్థం నోట్లోకి చేరడానికి రెండు మూడు గంటలు పడుతుంది. ఆ వ్యవధిలో ఏ పదార్థం ఎలా మారుతుందో వంటగదిలో చేయి తిరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుదాం.

ఇడ్లీ మూత పెట్టిన డబ్బాలో బాగానే నిలుస్తుంది. అయితే ఆవిరి మూతకి తగిలి నీరై కిందికి కారుతుంది కాబట్టి అడుగు వరస ఇడ్లీలు తడిసి జిగురెక్కుతాయి. అన్నింటికంటే ఎక్కువ నష్టపోయేది పూరీ. నూనెలోంచి తీసిన పది నిమిషాల వరకే దానికి పొంగు. వేడి మీద ఒకదాని మీద ఒకటి పేర్చి మూత పెడితే లోపలి ఆవిరి బయటికి పోయే దారి లేక పొర మెత్తబడి, చల్లారాక తోలులా సాగుతుంది. మెనూ ప్రకారం సోమ, గురువారాల్లో పూరీ-కుర్మా ఉంటుంది. ఆ రెండు రోజులూ ఇడ్లీ తీసుకోవడమే తెలివి, ఇడ్లీ ఆరు రోజులూ దొరుకుతుంది. మంగళ, శుక్రవారాల్లో ఉప్మా, బుధ, శనివారాల్లో పొంగలి. ఉప్మా చల్లారితే గడ్డకట్టి ముక్కలు ముక్కలుగా వస్తుంది. దాన్ని 8 గంటల లోపే తినాలి. పొంగలి మాత్రం కాస్త గట్టిపడినా రుచి చెడదు, నెయ్యి, మిరియాలు, జీలకర్ర దాన్ని కాపాడతాయి. ఆరు రోజుల టిఫిన్లలో ఒక్కటే ఎంచుకోమంటే శనివారం పొంగలి.

చట్నీ విషయంలో వేసవి వేరు, చలికాలం వేరు. రుబ్బిన చట్నీ రోహిణి కార్తె ఎండలో గంటన్నరలో పులుపు తిరుగుతుంది. చట్నీ, పొడి రెండూ ఉంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొడి అడగండి. సాంబారుకి ఈ ఇబ్బంది లేదు. పలచటి పదార్థం కాబట్టి వేడి సమంగా నిలుస్తుంది, చింతపండు పులుపు ఎలాగూ ఉంటుంది. సాంబారుతో వచ్చే పేచీ వేరే. పప్పు, ముక్కలు అడుగుకి దిగిపోయి పైన నీళ్లు తేలతాయి. వడ్డించేవాళ్లు పైపైన గరిటె ముంచితే లైనులో ముందున్నవాళ్లకి చారు, చివరివాళ్లకి ముద్దపప్పు. "బాబాయ్, కొంచెం అడుగు నుంచి కలిపి వెయ్యవూ" అంటే ఎవరూ కాదనరు.

అన్నం గురించి ఒక హెచ్చరిక. వండిన అన్నం 60 డిగ్రీల వేడికి పైన ఉన్నంతసేపూ భయం లేదు. అంతకంటే దిగి గోరువెచ్చగా గంటలు గడిస్తే, ఉడికినా చావని కొన్ని సూక్ష్మక్రిముల బీజాణువులు మళ్లీ మొలకెత్తి కడుపు పాడుచేస్తాయి. కాబట్టి పళ్లెంలో అన్నం ఆవిర్లు కక్కుతుందో లేదో చూడటం చాదస్తమేమీ కాదు. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతం మంచి వేళ. డబ్బాలు కొత్తగా తెరుస్తారు, కూర నిండుగా ఉంటుంది. రెండున్నర దాటాక అన్నం అంచుల్లో బిరుసెక్కుతుంది, కూర తరిగిపోతుంది. ఇది ఏ ఒక్క క్యాంటీన్ తప్పూ కాదు. ఎక్కడో వండి ఎక్కడో పెట్టే ప్రతి వంటకీ ఉండే గుణం, పెళ్లి భోజనాల్లో ఆఖరి బంతికి కూర్చున్నవాళ్లకి బాగా తెలుసు.

బలం లెక్క కూడా చూడాలి. 400 గ్రాముల అన్నంతో సుమారు 520 కేలరీలు, కూర, పప్పు, పెరుగు కలిపితే మొత్తం 700 దరిదాపు. బరువు పనులు చేసే మగవాళ్లకి రోజుకి 3,470 కేలరీలు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. మధ్యస్థంగా పనిచేసేవాళ్లకి 2,710. అంటే మూడు పూటలూ ఇక్కడే తినే హమాలీకి ఒక్కో టోకెనుతో రోజు గడవదు. మాంసకృత్తుల సంగతి ఇంకా పలచన. పళ్లెం మొత్తం మీద 18 గ్రాములకి మించవు, అందులో సగానికి పైగా అన్నం నుంచే. 65 కిలోల మనిషికి రోజుకి 54 గ్రాములు కావాలి. ఇదే ప్రభుత్వం బడి పిల్లలకి, అంగన్వాడీలకి గుడ్డు పెడుతోంది. ఇక్కడ వండేది పూర్తిగా శాకాహారమే పెట్టే హరేకృష్ణ మూవ్‌మెంట్ చారిటబుల్ ఫౌండేషన్ కాబట్టి గుడ్డు రాదు. సరే, గుడ్డు వద్దు. 30 గ్రాముల శనగలు నానబెట్టి గుగ్గిళ్లు చేసి పళ్లెం మూలన ఓ గరిటె పెడితే ఆరు గ్రాముల మాంసకృత్తులు వస్తాయి, దాదాపు ఒక గుడ్డుతో సమానం. ఖర్చు మూడు రూపాయల దరిదాపు. గుగ్గిళ్లు డబ్బాలో మెత్తబడవు, పులవవు, అడుగంటవు. ఈ వంట పద్ధతికి ఇంతకంటే కుదిరే పదార్థం లేదు. మెనూ రాసినవాళ్లకి ఇది ఎందుకు తట్టలేదో తెలియదు.

ఇక రాజకీయం.

ఐదు రూపాయల భోజనం అనగానే ఈ రెండు ఊళ్లలో వాదన రెండు ముక్కలవుతుంది. ఒకరు దేవుడిచ్చిన వరమంటారు, ఒకరు జనాన్ని సోమరుల్ని చేస్తున్నారంటారు. ఈ పథకం తెచ్చిన నాయకుడు చంద్రబాబు నాయుడు గారు. ఆయన పథకాలన్నిటినీ నెత్తిన పెట్టుకోవాల్సిన పని లేదు, అన్నిటినీ తిట్టాల్సిన పనీ లేదు. 1983లో ఎన్టీ రామారావు గారు మొదలుపెట్టిన రెండు రూపాయల కిలో బియ్యాన్ని 1996లో మూడున్నర చేసింది కూడా చంద్రబాబు గారే. ఖజానా ఓపడం లేదని అప్పట్లో చెప్పిన కారణం. ఆ లెక్కల మనిషే ఐదు రూపాయల భోజనం బోర్డు కట్టాడంటే, లెక్క చూసే కట్టాడా, ఓట్లు చూసే కట్టాడా అన్నది విడదీసి చూడాలి. విడదీస్తే మాకు సగం పైగా ఒప్పుకోవాల్సిందే కనిపించింది.

లెక్క ఇదీ. రోజుకి మూడు పూటలకి ఒక మనిషికి పడే ఖర్చు 90 రూపాయలు. టిఫిన్ 22, మధ్యాహ్నం 34, రాత్రి 34. తినేవాళ్లు ఇచ్చేది పూటకి ఐదు పోగా ప్రభుత్వం భరించేది 17, 29, 29, కలిపి 75. ఈ 34 రూపాయలు ఎక్కువా? చేతి లెక్క వేసి చూడండి. బియ్యం 150 గ్రాములకి ఏడు రూపాయలు, పప్పుకి మూడున్నర, కూరగాయలకి ఐదు, నూనెకి ఒకటిన్నర, పెరుగుకి ఐదు, పచ్చడికి రెండు, పోపు, ఉప్పు, కారం, చింతపండుకి ఒకటిన్నర. మొత్తం 25 రూపాయల యాభై పైసలు. సరుకు ధరలు నెలనెలకూ అటూఇటూ అవుతాయి, టమాటా సంగతి చెప్పనే అక్కర్లేదు. మిగిలిన ఎనిమిదిన్నరలో గ్యాసు, వంటవాళ్ల జీతాలు, వ్యాను, డీజిలు, గిన్నెలు తోమడం అన్నీ సర్దుకోవాలి. ఇంట్లో నలుగురికి వండితే ఈ ధర పడదు. వందల పళ్లేలు ఒకే పొయ్యి మీద దిగితేనే పడుతుంది. దుబారా అనడానికి ఇందులో సందు లేదు.

ఒక క్యాంటీన్లో పూటకి 350 మంది తింటారనుకుందాం. రోజుకి ప్రభుత్వానికి పడేది 26,250 రూపాయలు. రాష్ట్రమంతా 200 క్యాంటీన్లు ఇలాగే నిండుగా నడిచినా, ఆదివారాలు తీసేసి 313 రోజులకి, సుమారు 164 కోట్లు. 2025-26 రాష్ట్ర బడ్జెట్ 3.22 లక్షల కోట్లు. అంటే రెండు వేల రూపాయల్లో ఒక్క రూపాయి. రాష్ట్రం దివాలా తీస్తుందని భయపెట్టేవాళ్లు ఇంకేదైనా పథకం చూసుకోవాలి, ఈ పళ్లెం మీద ఆ వాదన నిలవదు.

అనర్హులు కూడా తింటున్నారనేది రెండో అభ్యంతరం. కారులో వచ్చి తిన్నవాళ్ల ఫోటోలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. ఇక్కడ చంద్రబాబు గారి పద్ధతితో మేం పూర్తిగా ఏకీభవిస్తాం. కార్డు అడగకపోవడమే ఈ పథకంలో బలం. లైనులో నిలబడాలి, టోకెన్ తీసుకోవాలి, నిలబడి తినాలి, రోజూ అదే రుచి. జేబులో రెండు వందలున్నవాళ్లు ఓ రోజు సరదాగా వచ్చినా రెండో రోజు రారు. వడపోత అక్కడే జరిగిపోతోంది, దానికి అధికారి అక్కర్లేదు. కార్డు పెడితే ముందు ఆగిపోయేది ఎవరు? శ్రీకాకుళం నుంచి వచ్చి విజయవాడలో సెంట్రింగ్ పని చేసుకునే కుర్రాడు, ఒడిశా నుంచి వచ్చిన కూలీ, ఇంటి నుంచి గెంటేస్తే ప్లాట్‌ఫారం మీద పడుకునే పెద్దావిడ. కార్డులు లేనిది వాళ్లకే. అనర్హుల్ని ఆపే వేలిముద్ర యంత్రం పెట్టినా, దాని ఖర్చు, దానికో మనిషి జీతం కలిపితే ఆ కారులో వచ్చినవాళ్లకి పెట్టిన అన్నం కంటే ఎక్కువే అవుతుంది.

పక్కనున్న టిఫిన్ బండ్ల సంగతేమిటనేది మూడోది, ఇందులో నిజం ఉంది. ఆసుపత్రి గేటు దగ్గర ప్లేటు ఇడ్లీ అమ్ముకునే ఆవిడకి ఐదు రూపాయల ఇడ్లీతో పోటీ పడే దారి లేదు. బండి మీద వేడి, కారం, ఎన్నిసార్లయినా చట్నీ దొరుకుతాయి కాబట్టి కొంతమంది అక్కడే ఉంటారు. పక్కాగా నష్టపోయేది క్యాంటీన్కి పాతిక అడుగుల లోపు బండే. స్థలం ఎంపికలో ఆ మాత్రం ఎడం చూడొచ్చు, చూడటం లేదు.

ఒప్పుకోలేని సగం బోర్డు దగ్గర మొదలవుతుంది. అన్న అంటే అన్నం, అన్న అంటే ఎన్టీఆర్. పేరు బాగా కుదిరింది, ఆ కుదరడమే ముప్పు తెచ్చింది. 2018 జూలై 11న విజయవాడలో మొదలైన క్యాంటీన్లు ప్రభుత్వం మారాక 2019లో మూతపడ్డాయి. ఐదేళ్లు ఆ భవనాలు కొన్ని ఖాళీగా పడున్నాయి, కొన్ని వార్డు సచివాలయాలయ్యాయి. 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ తాళం తీశారు. తినేవాళ్లు మారలేదు, ఆకలి మారలేదు, మారింది గోడ మీద బొమ్మ. మూసినవాళ్లది తప్పు అనడంలో రెండో మాట లేదు. కానీ పార్టీ వ్యవస్థాపకుడి పేరుతో, పార్టీ రంగుతో అన్నం పెట్టడం మొదలుపెట్టినవాళ్లు ఆ ప్రమాదాన్ని చేతులారా పళ్లెంలో వడ్డించారు. రంగుల పిచ్చి ఒక్క పార్టీదే కాదని గుర్తుచేయాలి. పంచాయతీ భవనాలకి వేసిన పార్టీ రంగులు తీసేయమని 2020లో హైకోర్టు చెబితే, అప్పటి ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయింది. మధ్యాహ్న భోజనం జగనన్న గోరుముద్ద అయ్యింది, తర్వాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఈ చివరి పేరు మాత్రం ఎవరికీ అభ్యంతరం లేని పేరు. లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన ఇల్లాలు ఆవిడ. కొన్ని క్యాంటీన్లకైనా ఆ పేరు పెట్టమని పవన్ కళ్యాణ్ గారు అప్పట్లో సూచించారు కూడా. ఆ సూచన వినుంటే తర్వాత ఏ ప్రభుత్వమైనా సీతమ్మ గారి పేరున్న వంటశాల మూసే ధైర్యం చేసేది కాదని మా అభిప్రాయం.

పొరుగున తమిళనాడులో ఏమైందో చూడండి. 2013లో జయలలిత గారు మొదలుపెట్టిన అమ్మ ఉణవగం (భోజనశాల)లో రూపాయికి ఇడ్లీ. 2021లో అధికారం చేతులు మారిన రోజుల్లో చెన్నైలో ఒక చోట గెలిచిన పార్టీవాళ్లే బోర్డు పీకేస్తే, వాళ్ల మీద చర్య తీసుకుని బోర్డు తిరిగి పెట్టించారు స్టాలిన్. అక్కడా పేరు ప్రత్యర్థి నాయకురాలిదే, అయినా పళ్లెం ఆగలేదు. మన దగ్గర అలాంటి మర్యాద అలవాటయ్యేదాకా ఆగలేం కాబట్టి పేరునే తటస్థంగా ఉంచుకోవడం మంచిది.

పేరుతోపాటు పునాది కూడా గట్టిగా లేదు. 2013 ఆహార భద్రత చట్టం కార్డుదారులకి ధాన్యం హక్కుగా ఇచ్చింది, చిన్నపిల్లలకి, గర్భిణులకి, బాలింతలకి వండిన భోజనం కూడా చేర్చింది. ఊరికి కొత్తగా వచ్చిన కూలీకి వండిన అన్నం ఏ చట్టంలోనూ లేదు. క్యాంటీన్ ఉన్నది ఉత్తర్వుల మీద. ఒక జీవోతో వచ్చింది ఇంకో జీవోతో పోతుంది, పోయింది కూడా. శాసనసభలో గట్టి మెజారిటీ ఉన్న ప్రభుత్వానికి మున్సిపల్ చట్టంలో ఒక సెక్షను చేర్చడం పెద్ద పని కాదు. ఇన్ని లక్షల జనాభాకి ఒక సబ్సిడీ భోజనశాల నడపడం పురపాలక సంఘం బాధ్యత అని రాస్తే చాలు. ఆ పని చేయకుండా దాతల విరాళాలు, పుట్టినరోజు అన్నదానాల మీద ఎక్కువ మోజు చూపిస్తున్నారు. విరాళాలు మంచివే, గుగ్గిళ్లకో, పండగ రోజు పరమాన్నానికో వాడుకోవచ్చు. రోజువారీ అన్నం మాత్రం బడ్జెట్ పద్దులోంచి రావాలి. దాత పుట్టినరోజు ఏడాదికొకసారే వస్తుంది.

ఐదు రూపాయల ధరని ఎప్పటికీ కదపకపోవడం మీద మా అభిప్రాయాలు కుదరలేదు. 2018లో ఐదు, 2024లో ఐదు. ఒక బిళ్లతో పని అయిపోవడం లైనుకి మంచిదనేది నిజం. ఆరు, ఏడు రూపాయలంటే చిల్లర గొడవే సగం పూట తింటుంది. కానీ ధర కదలకుండా సరుకు పెరిగితే కోత పడేది పళ్లెంలోనే. పప్పు పలచనవుతుంది, కూరలో ముక్కలు తగ్గి పులుసు పెరుగుతుంది. ధర కదపకూడదనుకుంటే ప్రభుత్వం ఇచ్చే 29 రూపాయల్ని ఏటా సరుకు ధరలతో ముడిపెట్టి పెంచాలి. ఈ రెండిట్లో ఏదో ఒకటి జరగాలి.

రెండు ఊళ్ల అవసరాలూ ఒకటి కావు, అన్ని క్యాంటీన్లకీ ఒకే లెక్క పెట్టడంతో వచ్చే చిక్కు ఇక్కడ కనిపిస్తుంది. గుంటూరు మిర్చి యార్డు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బస్తాలతో నిండిపోతుంది. హమాలీలు, తొడిమలు తీసే ఆడవాళ్లు, బండ్ల డ్రైవర్లు, సరుకు తెచ్చి ధర కోసం కాచుకున్న రైతులు, యార్డు చుట్టూ జనమే జనం. మేలో యార్డుకి వేసవి సెలవులిస్తారు, ఆ వైపు మనిషి కనిపించడు. ఏడాది పొడుగునా పూటకి ఇన్ని పళ్లేలని ఒకే అంకె పెట్టుకుంటే సీజన్లో ఒంటిగంటకే అన్నం అయిపోతుంది, మేలో మిగిలిపోతుంది. కేంద్ర వంటశాల ఉన్నది దేనికి? ఇక్కడ తగ్గించి అక్కడ పెంచడానికే. మిర్చి సీజన్లో గుంటూరుకి 200 పళ్లేలు ఎక్కువ పంపి, దసరా పది రోజులూ ఇంద్రకీలాద్రి భవానీల రద్దీకి విజయవాడ వైపు వ్యాను తిప్పితే అదే వంట, అదే ఖర్చు. పెద్ద వంటశాల రోజూ నడుస్తూ ఉండటంలో ఇంకో ఉపయోగం కూడా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఊరికి లక్షల్లో అన్నం పొట్లాలు కావాల్సొచ్చింది. అలాంటి వేళ పొయ్యిలు, డబ్బాలు, వ్యానులు అప్పటికప్పుడు పుట్టవు.

విజయవాడలో ఆటోనగర్ సంగతి వేరు. అక్కడ మెకానిక్కులకి, బాడీ బిల్డింగ్ షెడ్ల కుర్రాళ్లకి మధ్యాహ్నం ఒకటి నుంచి రెండు మధ్యే విరామం. 12.30 నుంచి 3 దాకా తెరిచి ఉంచినా అసలు రద్దీ ఆ గంటలోనే. అలాంటి చోట రెండు టోకెన్ కౌంటర్లు, రెండు వడ్డన లైన్లు ఆ గంటకి మాత్రం పెడితే సగం మంది తిరిగి వెళ్లిపోరు. పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీలకైతే 7.30 ఆలస్యం. మేస్త్రీ వచ్చి పిలుచుకుపోయేసరికి ఏడు దాటదు. టిఫిన్ ఆరున్నరకే మొదలుపెడితే ఈ పథకం ఎవరి కోసమని చెప్పుకుంటున్నారో వాళ్లకి అందుతుంది.

రాత్రి వేళ గంటన్నరే. ఆరు గంటలకి పనిదిగి, స్నానం చేసి వచ్చేవాళ్లకి సరిపోతుంది. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర మాత్రం చాలదు. లోపలున్న రోగికి ఆసుపత్రి భోజనం పెడుతుంది, పక్కన కూర్చున్న అమ్మకో, బావకో పెట్టదు. పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి వచ్చి వారాల తరబడి వరండాలో పడుకునేవాళ్లు వాళ్లు. డాక్టరు రౌండు, మందుల చీటీ, స్కానింగు లైను అయ్యేసరికి తొమ్మిది దాటిపోతుంది. ఆసుపత్రి ప్రాంతాల్లో రాత్రి పదిన్నర దాకా వడ్డన ఉండాలి, కావాలంటే మధ్యాహ్నం అరగంట తగ్గించుకోవచ్చు.

ఈ సమీక్షలో మార్కులు వెయ్యమంటే ధరకి, కార్డు అడగని పద్ధతికి, శనివారం పొంగలికి నిండుగా. కొలతకి, శుభ్రతకి, సాంబారుకి సగటు కంటే పైనే. పూరీకి, పచ్చడికి, మాంసకృత్తులకి తక్కువ. బోర్డుకి సున్నా. ఆదివారానికి అంతకంటే తక్కువ వెయ్యడానికి వీలుంటే బావుండేది. మెనూ ప్రకారం ఆదివారం సెలవు. శనివారం రాత్రి తొమ్మిదికి వడ్డన ఆగితే మళ్లీ సోమవారం పొద్దున ఏడున్నరకే, ముప్పై నాలుగున్నర గంటలు. వార్డులో మంచం పక్కన ఉండేవాళ్లకి ఆ ముప్పై నాలుగున్నర గంటల తిండీ బయటే, బయటి ధరకే.